ఫార్మాట్ కొట్టే ముందు ఒక ఫొటో
(మన వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ మామూలుగా జీతం గురించి, ఇన్సూరెన్స్ గురించి, పాస్‌పోర్టు రెన్యువల్ గురించి మాట్లాడతారు. ఈసారి మమ్మల్ని కంప్యూటర్ గురించి చెప్పమన్నారు. ముందే ఒక మాట. మేం కంప్యూటర్ చదివినవాళ్లం కాదు. సివిల్ డిప్లొమా చేసి, సైట్ మీద సూపర్‌వైజర్లమై, షట్టరింగు, స్టీలు, కాంక్రీటు మధ్య తిరిగేవాళ్లం. మాతోపాటు ఒక ఎలక్ట్రీషియన్, ఒక స్టోర్ కీపర్ ఉన్నారు. షార్జా క్యాంపులో మా గదికి ఆరు మంచాలు. ఆదివారం పూట బట్టలు ఉతుక్కొని, వంట చేసుకున్నాక ఎవరిదో ఒకరి లాప్‌టాప్ మా ముందు ఉంటది. నాలుగేండ్లుగా ఇట్లనే నడుస్తున్నది. పైసలు తీసుకోం, చాయ్ తాగుతం.

చేతిలో ఫోన్ ఉండంగ లాప్‌టాప్ ఎందుకని అడిగేవాళ్లు ఉన్నారు. సీవీ తయారు చేసుకోవడానికి, ఆటోక్యాడ్ నేర్చుకోవడానికి, ఆన్‌లైన్ పరీక్ష రాయడానికి, సెలవు మీద ఇంటికి పోయేటప్పుడు పిల్లల చదువుకు తీసుకుపోవడానికి. మన గదుల్లో ఉన్నవి ఎక్కువ సెకండ్‌హ్యాండ్‌వే. మూడు నాలుగు వందల దిర్హాములు పెట్టి కొన్నవి, ఏదో ఆఫీసులో వాడి పక్కన పడేసినవి. అవి నెమ్మదైనా, వైరస్ పడ్డా, తెర నీలంగా మారినా అందరి నోటా ఒకటే మాట వస్తది: "అన్నా, ఫార్మాట్ కొట్టెయ్."

ఆ మాట వింటేనే ఇప్పుడు మాకు భయం. ఎందుకో చెప్తాం.

మా గదిలోనే నిర్మల్ వైపు అన్న ఒకాయన ఉంటాడు, తాపీ మేస్త్రీ. ఆయన లాప్‌టాప్ బాగా నెమ్మదైంది, కొత్తగా విండోస్ వేద్దామని కూర్చున్నాం. పెన్ డ్రైవ్ పెట్టి మొదలుపెడితే ఇన్‌స్టాల్ చేసే తెర వచ్చింది గానీ లోపలున్న డిస్క్ మాత్రం కనబడలేదు. డ్రైవ్ ఏదీ దొరకలేదని చెప్తున్నది. యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి, బయోస్‌లోకి పోయి, స్టోరేజి దగ్గర ఒక సెట్టింగు మార్చాం. డిస్క్ కనబడింది. మాకు గర్వంగా కూడా అనిపించింది. అప్పుడే ఆ అన్న స్నానం చేసి వచ్చాడు. "ఆగుండ్రి, అండ్ల మా అమ్మ వీడియోలున్నయి. ముందుగాల అవి తీయుండ్రి" అన్నాడు.

సరే అని పెన్ డ్రైవ్ పీకి, పాత విండోస్‌ను లేపబోయాం. నీలం తెర. మళ్ళీ ఆన్ చేశాం. మళ్ళీ నీలం తెర. మూడుసార్లు చూశాక మేమే తీర్పు చెప్పేశాం: "విండోస్ పోయింది అన్నా. ఇంక లోపలున్నవి రావు." ఆయన మంచం మీద కాసేపు కూర్చుండి, "మీకు తెల్వనిదా, కానియ్యుండ్రి" అన్నాడు. ఫార్మాట్ కొట్టాం. అరగంటలో లాప్‌టాప్ కొత్తదానిలా తయారైంది.

ఆయన తల్లి అంతకు రెండేండ్ల ముందు చనిపోయింది. కడచూపుకు పోలేకపోయాడు. అంతకుముందు సెలవుకు పోయినప్పుడు ఆమె రొట్టెలు చేస్తుంటే, మనుమరాలి తల దువ్వుతుంటే తీసిన వీడియోలవి. పాత ఫోన్‌లోంచి లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఆ ఫోన్ అమ్మేశాడు.

ఈ కథ ఇక్కడితో అయిపోలేదు. మిగతాది తర్వాత చెప్తాం. ముందు బయోస్ అంటే ఏందో చెప్పుకుందాం.

లాప్‌టాప్‌కు పవర్ ఇవ్వగానే మొదట లేచేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో ఉండే ప్రోగ్రామ్. పాతవాటిల్లో దాన్ని బయోస్ అంటారు. విండోస్ 8 కాలం నుంచి, అంటే 2012 తర్వాత వచ్చిన వాటిల్లో ఎక్కువగా ఉండేది యూఈఎఫ్ఐ. నోరు అలవాటై అందరం దాన్ని కూడా బయోస్ అనే అంటాం. మెమరీ ఉందా, కీబోర్డు ఉందా, డిస్క్ ఎక్కడున్నది అని చూసుకున్నాకనే అది విండోస్‌ను లేపుతుంది. పొద్దున్నే ఫోర్‌మన్ వచ్చి, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, క్రేన్ ఆపరేటర్ ఉన్నాడా లేడా అని చూసుకొని పని మొదలుపెట్టించినట్టే. డిస్క్‌ను ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఈ చిప్‌లో ఉన్నదానికి ఏమీ కాదు. అందుకే అక్కడ సెట్టింగు తప్పుంటే పదిసార్లు విండోస్ వేసినా పదిసార్లూ అదే ఇబ్బంది వస్తుంది.

మన పనిలో మాటగా చెప్తాం. స్లాబ్ పోసే ముందు ఏం చేస్తాం? స్టీలు చూస్తాం, కవర్ బ్లాకులు చూస్తాం, ప్లంబింగ్ స్లీవ్‌లు, ఎలక్ట్రికల్ పైపులు చూస్తాం. కన్సల్టెంట్ ఇంజనీర్ సంతకం పెట్టినాకనే కాంక్రీటు పంపు మొదలవుతుంది. పోసినాక ఒక స్లీవ్ మరిచిపోయామని గుర్తొస్తే ఇంక కోరింగ్ మెషీన్ తెచ్చుకోవాల్సిందే. బయోస్ సెట్టింగు అంటే ఇంకా షట్టరింగ్ దశ. తప్పైతే విప్పి మళ్ళీ బిగించొచ్చు. ఫార్మాట్ అంటే కాంక్రీటు పోసినట్టే. మేం ఆ రోజు షట్టరింగులో వచ్చిన తప్పును చూసుకోకుండా దాని మీదనే కాంక్రీటు పోసినం.

బయోస్‌లోకి పోవడం ఎట్లా? ఆన్ చేసిన వెంటనే ఒక కీ నొక్కుతూ ఉండాలి. డెల్‌లో ఎఫ్2. హెచ్‌పీలో ఎఫ్10, లేదా ముందు ఎస్కేప్ కొడితే అదే మెనూ చూపిస్తుంది. లెనోవోలో ఎఫ్1 లేదా ఎఫ్2. ఏసర్‌కు, ఆసుస్‌కు ఎఫ్2. కొన్ని లెనోవోలకు పక్కన సూది పట్టేంత రంధ్రంలో ఒక బటన్ ఉంటుంది, సిమ్ కార్డు తీసే పిన్నుతో నొక్కాలి. ఎంత నొక్కినా రావడం లేదని చాలామంది మా దగ్గరికి వస్తారు. కారణం తరచుగా ఒకటే. విండోస్ 10, 11 షట్‌డౌన్ చేసినప్పుడు పూర్తిగా పడుకోవు, సగం మెలకువగానే ఉంటాయి. ఫాస్ట్ స్టార్టప్ అని దాని పేరు. అందుకే విండోస్ లేస్తున్నట్టయితే షిఫ్ట్ కీ పట్టుకొని రీస్టార్ట్ నొక్కండి. నీలం తెర మీద ట్రబుల్‌షూట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. అది నొక్కితే ఏ కీ కొట్టే పనీ లేకుండా నేరుగా లోపలికి పోతుంది.

లోపలికి పోయినాక మేం మొదట చేసే పని, ఏదీ ముట్టుకోకుండా ఫోన్ తీసి ప్రతి పేజీని ఫొటో తీయడం. మెయిన్, అడ్వాన్స్‌డ్, సెక్యూరిటీ, బూట్, అన్నీ. పది పన్నెండు ఫొటోలు అవుతాయి, రెండు నిమిషాల పని. తెర మెరుస్తుంటే గదిలో లైటు ఆర్పి తీయండి. ఏ సెట్టింగు మొదట ఎట్లున్నదో ఆ ఫొటోయే చెప్తుంది. మన సైట్లో తవ్వకం మొదలుపెట్టే ముందు బెంచ్‌మార్క్ లెవల్ రాసి పెట్టుకుంటాం కదా. లెవల్ రాసుకోకుండా తవ్వితే తర్వాత దేన్ని చూసి కొలుస్తావు?

ఇంకో జాగ్రత్త. చాలా బయోస్‌లలో లోపల ఎఫ్9 కొడితే అన్ని సెట్టింగులూ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు మారిపోతాయి, ఎఫ్10 కొడితే సేవ్ అవుతాయి. ఏదో ఒకటి నొక్కి చూద్దామని ఈ రెండూ వరసగా నొక్కినవాళ్లను చూశాం. ఏం చేశామో తెలియకపోతే సేవ్ చెయ్యకుండా బయటపడే దారి ఉంటుంది, అదే ఎంచుకోండి.

ఇప్పుడు ఆ స్టోరేజి సెట్టింగు సంగతి. దాని పేరు ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది. సాటా మోడ్, సాటా ఆపరేషన్, స్టోరేజ్ కంట్రోలర్. అందులో రెండు మాటలు కనబడతాయి: ఏహెచ్‌సీఐ, రెయిడ్. రెయిడ్ ఉన్నచోట కొన్నిట్లో ఇంటెల్ ఆర్ఎస్‌టీ అని ఉంటుంది. ఇంటెల్ పదకొండో తరం ప్రాసెసర్ నుంచి వీఎండీ అనే ఇంకో మాట కూడా కనబడుతుంది. ఇవన్నీ ప్రాసెసర్ డిస్క్‌తో ఏ భాషలో మాట్లాడాలో చెప్పేవి. విండోస్ వేసిన రోజు ఏ భాష ఉందో ఆ విండోస్ అదే నేర్చుకుంటుంది. తర్వాత మనం బయోస్‌లోకి పోయి భాష మారిస్తే పాత విండోస్‌కు డిస్క్ అర్థం కాదు. నీలం తెర వేసి, బూట్ డివైజ్ అందడం లేదని ఇంగ్లీషులో రాస్తుంది. చూసినవాడు విండోస్ చచ్చిపోయిందనుకుంటాడు. అది చావలేదు. డిస్క్‌లో ఉన్నవన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

మాకు ఈ సంగతి తెలిసింది ఆ అన్న లాప్‌టాప్ ఫార్మాట్ కొట్టిన ఐదు నెలలకు. ఇంకో గది తమ్ముడి లాప్‌టాప్‌కు సరిగ్గా అదే నీలం తెర వచ్చింది. పక్క గదిలో ఉండే కేరళ డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన అటుగా పోతూ చూసి, "బయోస్‌లో ఏమన్నా మార్చారా?" అని హిందీలో అడిగాడు. మార్చామన్నాం. "మళ్ళీ మొదటిలా పెట్టండి" అన్నాడు. పెట్టాం. విండోస్ లేచింది. ఆ తమ్ముడి ఫొటోలు, పాటలు, సర్టిఫికెట్లు, అన్నీ ఉన్నాయి. తమ్ముడు సంతోషపడి చాయ్ తేవడానికి పోయాడు. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నిర్మల్ అన్న అక్కడే, తన మంచం మీద ఉన్నాడు. ఆయనకు కూడా అర్థమైంది.

ఆ రోజు ఆయన మమ్మల్ని ఏమీ అనలేదు. రాత్రి తినేటప్పుడు, "అంటే అప్పుడు గది మార్చి మల్ల పెడితే అయిపోవునన్నట్టు" అని ఒక్క మాట అన్నాడు. అవునన్నాం. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. పోయిన ఫైళ్లు తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లు రెండు మూడు వేసి చూశాం. పాత హార్డ్ డిస్క్ అయితే ఎంతోకొంత దొరికేదేమో. ఆయనది ఎస్ఎస్‌డీ. వాటిల్లో ఫార్మాట్ కొట్టినాక డిస్కే లోపల తనంతట తాను ఖాళీ చేసుకుంటుంది. ఇంక అందులో వెతికితే ఏమీ ఉండదు. ఆయన ఇప్పటికీ మా గదిలోనే ఉన్నాడు. ఎవరు లాప్‌టాప్ పట్టుకొని లోపలికి వచ్చినా, మాకంటే ముందు ఆయనే "ఫొటోలు తీసిండ్రా?" అని అడుగుతాడు.

కాబట్టి డిస్క్ కనబడకపోతే ఏం చెయ్యాలి? లోపల కావలసినవేమీ లేవని పక్కాగా తెలిస్తే ఏహెచ్‌సీఐకి మార్చి, లేదా వీఎండీ ఆపి, కొత్తగా విండోస్ వేసుకోవచ్చు. కావలసినవి ఉంటే ముందు పాత విండోస్‌ను లేపి, కాపీ చేసుకొని, ఆ తర్వాతే ముట్టుకోండి. అసలు ఏదీ మార్చకుండా పోయే దారి కూడా ఉంది. మీ లాప్‌టాప్ కంపెనీ సైటులో ఆ మోడల్‌కు ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ దొరుకుతుంది. దాన్ని విప్పి పెన్ డ్రైవ్‌లో వేసుకొని, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోడ్ డ్రైవర్ అని నొక్కితే డిస్క్ కనబడుతుంది.

పాత విండోస్ నిజంగానే లేవకపోతే? అప్పుడు కూడా ఒక దారి ఉంది. విండోస్ పెన్ డ్రైవ్ పెట్టి లేపండి. భాష అడిగే మొదటి తెర దగ్గర ఆగి షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల కిటికీ వస్తుంది. అందులో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద అన్ని రకాల ఫైళ్లూ చూపించమని పెడితే డిస్క్‌లో ఉన్న ఫోల్డర్లన్నీ కనబడతాయి. కావలసినదాన్ని రైట్ క్లిక్ చేసి కాపీ కొట్టి, ఇంకో పెన్ డ్రైవ్‌లో పేస్ట్ చేసుకోవచ్చు. ఎంత అయిందో చూపించే గీత రాదు. కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. పెద్ద వీడియోలైతే ఓపిక పట్టాలి. మేం ఇట్లా చాలామంది పెండ్లి ఫొటోలు బయటికి తీశాం.

దీనికీ లొంగనిది ఒకటుంది, బిట్‌లాకర్. డిస్క్‌కు వేసే తాళం. మనం వెయ్యకపోయినా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా కొత్త లాప్‌టాప్‌లలో దానంతట అదే పడుతుంది. మామూలు రోజుల్లో అది ఉన్నట్టే తెలియదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ మార్చినా, టీపీఎం క్లియర్ చేసినా మాత్రం, ఎవరో దొంగ చెయ్యి పెట్టాడనుకొని 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే లోపలున్నవి ఎవరూ తీయలేరు. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. మరి ఖాతా ఎవరిది? మన దగ్గర అసలు ఇబ్బంది ఇక్కడే. అమ్మిన దుకాణపాయన తన ఈమెయిల్‌తోనే సెట్ చేసి ఇస్తాడు. లేదంటే ఊళ్ళో బావమరిది చేసి పెట్టి ఉంటాడు. మనదే అయినా దానికి ఇచ్చిన నంబరు ఇండియా సిమ్‌ది, రీచార్జి లేక ఎప్పుడో బందైంది, ఓటీపీ రాదు. జగిత్యాల తమ్ముడొకరు ఆ 48 అంకెల కోసం మూడు వారాలు తిరిగి, చివరికి ఊళ్ళో నాన్నతో సిమ్‌కు రీచార్జి చేయించి, ఓటీపీ ఫోన్‌లో చదివించుకొని సాధించాడు.

అందుకే చెప్తున్నాం. ఈ రాత్రే గదికి పోయి, సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్ గానీ ఉందేమో చూడండి. ఉంటే ఖాతాలోకి పోయి ఆ కీ చూసి నోటుబుక్కులో రాసుకోండి. అదే లాప్‌టాప్‌లో దాచుకోవద్దు, పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టినట్టు. ఖాతాకు ఇక్కడి నంబరు కూడా కలపండి. బయోస్ ముట్టుకునే ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసే వీలు ఉంటే అది కూడా చేసుకోండి.

ఇక బూట్ మోడ్. లెగసీ అని, యూఈఎఫ్ఐ అని రెండుంటాయి. పాత లాప్‌టాప్‌లలో ఎవరో లెగసీలో విండోస్ 7 వేసి ఉంటారు. ఇప్పుడు యూఈఎఫ్ఐలో పెట్టి కొత్తది వేస్తుంటే, ఈ డిస్క్ ఎంబీఆర్ పద్ధతిలో ఉంది, జీపీటీ కావాలి అని ఆగిపోతుంది. మనవాళ్లు అక్కడ చిరాకుపడి పార్టిషన్లు అన్నీ డిలీట్ కొట్టేస్తారు. సీ డ్రైవ్ పోతే పోయిందనుకోవచ్చు. డీ డ్రైవ్‌లో దాచుకున్నవి కూడా దానితోనే పోతాయి. అక్కడ ఆగండి. కావలసినవి బయటికి తీసుకున్నాకనే డిలీట్ చేయండి. డేటా ఉంచుకునే ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు విండోస్ 10లోనే ఉంది. అయినా కాపీ లేకుండా దాన్ని నడపం మేము. ఇప్పటి విండోస్ ఏ మోడ్‌లో ఉన్నదో ముందే తెలుసుకోవాలంటే సెర్చ్‌లో సిస్టం ఇన్ఫర్మేషన్ అని కొట్టి, బయోస్ మోడ్ అనే వరుస చూడండి.

సెక్యూర్ బూట్ గురించి ఎక్కువ చెప్పం. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి తయారుచేసుకున్న పెన్ డ్రైవ్ అయితే దాన్ని ఆపే పనే లేదు. ఆపితేగానీ నడవదని ఎవరైనా పెన్ డ్రైవ్ ఇస్తే అందులో ఏముందో ఒకసారి అనుమానించండి. మన బ్యాంకు పాస్‌వర్డులు కొట్టేది ఆ లాప్‌టాప్‌లోనే. ఏదైనా కారణంతో ఆపితే పని అయిపోయాక మళ్ళీ పెట్టండి.

టీపీఎం అనేది విండోస్ 11కు తప్పనిసరి. ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. ఆపి ఉంటే ఆన్ చేస్తే చాలు, క్లియర్ అనే మాట జోలికి పోవద్దు. అయితే విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే పట్టుతుంది. మన గదుల్లో ఆరు, ఏడు తరాలవి చాలా ఉన్నాయి. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇప్పుడు కొనేవాళ్లు తరం అడిగి కొనండి. ఐ5 అన్నాడని మురిసిపోవద్దు, అన్ని తరాల్లోనూ ఐ5 ఉంటుంది.

కొనే మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఒక తమ్ముడు షార్జాలో ఒక పాత సామాన్ల దుకాణంలో 380 దిర్హాములు పెట్టి లాప్‌టాప్ కొన్నాడు. చూడ్డానికి కొత్తదానిలా ఉంది. విండోస్ పాడయ్యాక పెన్ డ్రైవ్ పెట్టబోతే బయోస్ పాస్‌వర్డ్ అడిగింది. అది ఏదో ఆఫీసు వాళ్లు పెట్టింది. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీసి పెడితే పాస్‌వర్డ్ పోయేది. ఇట్లాంటి ఆఫీసు లాప్‌టాప్‌లలో పోదు, ఆరిపోని చిప్‌లో ఉంటుంది. కంపెనీ దగ్గరికి పోతే కొన్న బిల్లు అడుగుతుంది. దుకాణంలో ఇచ్చిన చీటీ మీద మోడల్ నంబరు కూడా లేదు. వాళ్లేమో, "ఆన్ అవుతుంది కదా, మేం అమ్మింది అదే" అన్నారు. ఇంకో రకం కూడా చూశాం. బయోస్ తెరుచుకుంటుంది, విండోస్ కూడా పడుతుంది, నెట్ కలపగానే ఏదో కంపెనీ పేరు వచ్చి వాళ్ల ఆఫీసు ఈమెయిల్ అడుగుతుంది. ఆ లాప్‌టాప్ ఇంకా ఆ కంపెనీ లెక్కల్లోనే ఉందన్నమాట. అందుకే దుకాణంలోనే, పైసలు ఇవ్వకముందే, ఆన్ చేసి బయోస్‌లోకి పోయి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే పెట్టి రండి. వీలైతే రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, మొదటి తెరలు మీ కళ్లముందే దాటించండి. అమ్మేవాడు విసుక్కుంటాడు. విసుక్కోనీయండి.

బయోస్‌లో తేదీ, టైము కూడా చూడండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, లోపలి బ్యాటరీ అయిపోయి తేదీ ఏండ్ల వెనక్కి పోయి ఉంటే ఇంటర్నెట్ కలిసినా సైట్లు తెరుచుకోవు. నెట్ పాడైందని వైఫై వాడితో గొడవ పెట్టుకున్నవాళ్లు మనలోనే ఉన్నారు.

పెన్ డ్రైవ్ కనీసం 8 జీబీ ఉండాలి. మైక్రోసాఫ్ట్ సైటులో మీడియా క్రియేషన్ టూల్ ఉచితంగా దొరుకుతుంది. పెన్ డ్రైవ్‌లో ముందున్నవన్నీ చెరిగిపోతాయి, అది గుర్తుండాలి. బయోస్‌లో బూట్ వరుస మార్చే అవసరం చాలాసార్లు ఉండదు. ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ కీ నొక్కి ఆ ఒక్కసారికి పెన్ డ్రైవ్‌ను ఎంచుకుంటే సరిపోతుంది. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్‌కు ఎస్కేప్. ఏసర్‌కు కూడా ఎఫ్12యే గానీ, అది పని చెయ్యాలంటే ముందు బయోస్‌లో ఎఫ్12 బూట్ మెనూ అనేదాన్ని ఆన్ చెయ్యాల్సి వస్తుంది. మొదటి రీస్టార్ట్ అయ్యేటప్పుడు మళ్ళీ ఇన్‌స్టాల్ మొదటి తెరే వస్తే కంగారు పడొద్దు. పెన్ డ్రైవ్ పీకేసి మళ్ళీ ఆన్ చేయండి.

కీ గురించి ఒకటి. విండోస్ 8 తర్వాత విండోస్‌తోపాటు అమ్మిన చాలా లాప్‌టాప్‌లలో దాని కీ కూడా ఆ బయోస్ చిప్‌లోనే ఉంటుంది. మీరు అదే రకం, హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో వేసి నెట్ కలిపితే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. ఆ పనికే యాభై దిర్హాములు ఇచ్చి వచ్చినవాళ్లు ఎంతమందో ఈ హాల్లో చెయ్యి ఎత్తమంటే మాకు కొంచెం సిగ్గు, ఎందుకంటే మొదట్లో మేమూ ఇచ్చాం.

బయోస్‌ను అప్‌డేట్ చెయ్యమని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. అవసరం లేకపోతే మేం చెయ్యం. అది రాస్తుండగా పవర్ పోతే ఆ చిప్ సగం రాతతో ఆగిపోతుంది, లాప్‌టాప్ అసలు లేవకపోవచ్చు. ఒకే ప్లగ్ బోర్డుకు రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె తగిలించి ఎన్నిసార్లు బ్రేకర్ పడుతుందో మీకు చెప్పే పని లేదు. చెయ్యక తప్పకపోతే బ్యాటరీ నిండా ఉండాలి, చార్జర్ తగిలించి ఉండాలి, గదిలో ఆ సమయానికి వంట ఉండకూడదు.

బయట టేబుల్ దగ్గర మా స్టోర్ కీపర్ తమ్ముడు కూర్చొని ఉంటాడు. కంపెనీల వారీగా ఏ కీ నొక్కాలో రాసిన కాగితాలు ఆయన దగ్గర ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. వచ్చే ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి మా గదిలో ఉంటాం. వచ్చేటప్పుడు లాప్‌టాప్‌తోపాటు ఖాళీ పెన్ డ్రైవ్ ఒకటి, మైక్రోసాఫ్ట్ ఖాతా ఈమెయిల్, దాని నంబరున్న ఫోన్ తెచ్చుకోండి. పోయిన వారం నలుగురు చార్జర్ మరిచిపోయి వచ్చారు. చార్జర్ తప్పకుండా తెండి.